ఆయన నిలబడే చోటు

తొమ్మిదిన్నర లోపల తెమలాల్సిన పనులు ఆరు. ఐసు ముక్కలు గుడ్డలో మూటకట్టి పెట్టాలి. నిన్న ఉతికి ఆరేసిన బ్యాండేజీని ముడతల్లేకుండా చుట్టాలి. అత్తయ్యకు బీపీ బిళ్ల వెయ్యాలి. పేపర్లో ఆటల పేజీని ఆయన కంట పడకముందే మాయం చెయ్యాలి. ఆయన మోకాలు నొక్కి చూడాలి. ఆ తర్వాత అన్నయ్యకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాలి.

తొమ్మిదీ ఇరవై అయ్యింది. నాలుగు పనులయ్యాయి, ఐదోది నడుస్తోంది. ఆరోది మిగిలింది.

ఆమె వంటింటి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఎదురుగా ఎత్తు స్టూలు మీద భర్త. ఆయన ఎడమ కాలు ఆమె ఒళ్లో ఉంది. అరచేత్తో తొడ మీంచి మోకాటి దాకా నెమ్మదిగా రాసి, బొటనవేలితో చిప్పను కిందికి నొక్కింది. లోపల నీరుంటే చిప్ప తేలి, కింది ఎముకకు టక్కున తగులుతుంది. ఆ టక్కుమనడం ఆమె వేలికి మూడేళ్లుగా అలవాటు.

ఇవాళ తగల్లేదు.

మళ్లీ రాసి, మళ్లీ నొక్కింది. ఆ పైన ఇంకోసారి.

"ఏంటి, ఇన్నిసార్లు నొక్కుతున్నావు? పిండి కలుపుతున్నావా?" అన్నాడు ఆయన నవ్వుతూ. "చెప్పానుగా. పొద్దున లేచేసరికి నొప్పి లేదు. ఇలా ఎప్పుడుందో గుర్తు కూడా లేదు నాకు."

ఆమె నవ్వలేదు. ఆయన కాలిని తన ఒడిలోంచి తీసి, చంటిపిల్లను దించినట్టు నేల మీద దించింది.

పోటీలకు పద్దెనిమిది రోజులు విరామం దొరకడం వల్ల వచ్చిన బాగు అది. ఈ మధ్యాహ్నం మూడింటికి ఫుట్‌బాల్ సీజన్లో చివరి ఆట. గెలిచినా, కనీసం సమానంగా ముగించినా క్లబ్బు నిలబడుతుంది. ఓడితే కింది డివిజన్‌కు పోతుంది. కింది డివిజన్‌కు పోయిన క్లబ్బులు మళ్లీ పైకి రావడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు.

మూడేళ్ల కిందట ఆయన మోకాటి వాపును పొడుగు మేజోడు కింద దాచుకుని ఆటలోకి దిగాడు. పన్నెండో నిమిషంలో కూలబడ్డాడు. అప్పుడు కోచ్ ఒక షరతు పెట్టాడు. కోచ్ అంటే మరెవరో కాదు, ఆమె సొంత అన్నయ్య. "నీ కాలి గురించి నీ మాట నమ్మను బావా. మా చెల్లెలి మాటే నమ్ముతాను" అన్నాడు. ఆమె ఆస్పత్రిలో ఎముకల వార్డు నర్సు, పద్నాలుగేళ్ల అనుభవం. ఇక అప్పటి నుంచీ ఆట ఉన్న ప్రతి ఉదయం తొమ్మిదిన్నరకు ఈ ఇంట్లోంచి ఆ ఫోన్ వెళ్లాల్సిందే. ఆమె 'బాగుంది' అంటే ఆయన ఆడతాడు. 'బాగాలేదు' అంటే ఆడడు. మధ్యలో మూడో మాట లేదు.

ఈ మూడేళ్లలో ఆమె ఒక్కసారి కూడా 'బాగాలేదు' అనలేదు. మోకాలు బాగున్న రోజు ఒక్కటీ లేదు.

"టైమయ్యింది. చెయ్యి మరి" అన్నాడు ఆయన.

ఫోన్ మొదటి మోతకే అన్నయ్య ఎత్తాడు. వెనకాల బూట్ల చప్పుడు, ఎవరో ఎవర్నో తిడుతూ నవ్వడం వినిపించాయి.

"చెప్పమ్మా."

ఆమె భర్త వైపు చూడలేదు. స్టవ్ వెనక గోడ మీద నూనె మరక ఉంటే దాన్ని చూసింది.

"బాగాలేదన్నయ్యా."

"ఏంటీ?"

"బాగాలేదు. మళ్లీ నీరు చేరింది."

బూట్ల చప్పుడు ఒక్కసారి దూరమైంది. అన్నయ్య గదిలోంచి బయటికి నడిచినట్టున్నాడు.

"నిజమేనా?"

"నిజమే."

"సరే" అన్నాడు. కానీ వెంటనే పెట్టెయ్యలేదు. ఆమె కూడా పెట్టెయ్యలేదు. చివరికి ఎవరు పెట్టేశారో ఆమెకు తర్వాత గుర్తు రాలేదు.

ఆయన అరవలేదు. స్టూలు తన్నలేదు. లేచి ఐసు మూట తీసుకెళ్లి సింకులో పెట్టి, నీళ్లు ఒక్కొక్క చుక్కే కారుతుంటే చూస్తూ నిలబడ్డాడు.

"ఎవరి కాలి గురించి చెప్పావు?" అన్నాడు.

"మీ కాలి గురించే."

"నా కాలు నా దగ్గరే ఉంది. నాకేం చెప్పలేదే?"

ఆయన వెనక్కి తిరిగి, కుడికాలు పైకెత్తి, ఒట్టి ఎడమ కాలి మీద గుంజీ తీశాడు. లేచాడు. మళ్లీ తీశాడు. ముప్ఫై తొమ్మిదేళ్ల మనిషి, నుదుట చెమట పడుతుంటే, వంటింట్లో ఒంటికాలి మీద కూర్చుని లేస్తున్నాడు.

"లెక్కపెట్టు. పెట్టవేం?"

"ఆపండి."

"ఎనిమిది. తొమ్మిది. నీరు చేరిన కాలు ఇది. పది. చూడు, ఎంత నీరుందో!"

"ఆపండి, అత్తయ్య వింటుంది."

"విననీ! మూడేళ్లు నా చిప్ప పడవలా తేలుతుంటే బాగుందన్నావు. సూది పొడిపించుకుని దిగిన రోజు బాగుందన్నావు. నాకోసం అబద్ధమాడే మనిషి ఒకతి ఉందని పొంగిపోయాను. ఇవాళ నిజమే నాకు పనికొచ్చే రోజు. ఇవాళే నీకు నిజం చెప్పడానికి నోరు రాలేదు."

"అన్ని అబద్ధాలు ఆడబట్టే ఇవాళ ఇది ఆడాల్సి వచ్చింది."

"నాకర్థమయ్యేలా చెప్పు. నేను పదో తరగతి ఫెయిలు."

ఆమె బ్యాండేజీ చుట్టను రెండు చేతుల మధ్య పట్టుకుని విప్పసాగింది. చుట్టడానికి అరగంట పట్టిన చుట్ట అది.

"బుధవారం నేను గ్రౌండుకి వెళ్లాను" అంది.

బుధవారం ఆయన ఈత కొలనులో కసరత్తు చేస్తున్నాడు. మరిచిపోయిన మోకాటి పట్టీ సామాన్ల గదిలో ఇచ్చి వద్దామని ఆమె వెళ్లింది. ఆయన లేకుండానే జట్టు సాధన చేస్తోంది. చెక్క మెట్ల మీద ఒక నిమిషం కూర్చుందామని కూర్చుంది.

మైదానంలో, అవతలి గోలుకు ఎడమ మూలగా, ఒక మనిషి నిలబడేంత మేర గడ్డి లేదు. మట్టి తేలి ఉంది. అది ఆయన నిలబడే చోటు. పరుగు తగ్గినప్పటి నుంచీ ఆయన అక్కడే నిలబడి బంతి కోసం చూస్తాడు. బంతి అక్కడికి వస్తే ఇప్పటికీ ఆయన ఎడమ కాలికి తిరుగులేదు. మాలి ఎన్నిసార్లు గడ్డి నాటినా అక్కడ బతకలేదు.

కెప్టెన్‌కు బంతి దొరికింది. తల ఎత్తకుండానే ఆ మట్టి వైపు తన్నాడు. బంతి చక్కగా అక్కడికి వెళ్లింది. అక్కడ ఎవరూ లేరు. మట్టి దాటి, గీత దాటి, కంచె కింద ఆగింది.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ తిట్టలేదు. కెప్టెన్ చెయ్యెత్తాడు, 'తప్పు నాదే' అన్నట్టు. ఆ ఖాళీ చోటు వైపు చూసి ఎత్తాడు.

ఆమె లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

అరగంటలో పదకొండుసార్లు బంతి అక్కడికి వెళ్లింది. పదకొండుసార్లూ ఎవరో ఒకరు చెయ్యెత్తారు. అన్నయ్య ఎప్పుడొచ్చాడో ఆమె పక్కన కూర్చున్నాడు. "మానమని చెప్తూనే ఉన్నాను. వాళ్లకి తెలియకుండానే చేస్తున్నారు" అన్నాడు. "బంతి దొరికితే ముందు ఎడమ మూల. ఏడేళ్లుగా అదే నేర్పాను. నేనే నేర్పాను. బావ నిలబడినంత కాలం అది మన బలం అనుకున్నా. ఇప్పుడు బావ లేకపోయినా పోవట్లేదు, చూడు. ఉన్నా వేరే దారి వెతకట్లేదు. మనల్ని ఆడే ప్రతి జట్టుకీ తెలుసు. అక్కడ ఇద్దర్ని కాపలా పెడితే చాలు, మన ఆట అయిపోయినట్టే."

ఇదంతా ఆమె భర్తకు చెప్పింది. అంతా విని ఆయన అన్నాడు.

"ఈ ఏడాది మనం కొట్టిన గోల్సు ఎన్నో తెలుసా? పద్నాలుగు. అందులో తొమ్మిది నావి."

"తెలుసు. తొమ్మిదీ చూశాను. మిగతా పదిమందీ గోలు వైపు చూడటం మానేసి ఎన్నాళ్లయ్యిందో మీరు చూశారా?"

"నేను లేకపోతే సగం గ్యాలరీ ఖాళీ."

"గ్యాలరీ గోలు కొట్టదండీ."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు. కింది పెదవి కొరుక్కున్నాడు. ఏదో ఒక చిన్న విషయం తేలితే చాలన్నట్టు అడిగాడు.

"నిజంగా చెయ్యెత్తారా?"

"ఎత్తారు."

"ఎవరూ లేనిచోటికి?"

"ఎవరూ లేనిచోటికే."

"అయితే బతికుండగానే దెయ్యాన్నయ్యానన్నమాట" అన్నాడు.

హాల్లోంచి అత్తయ్య గొంతు వినిపించింది. అత్తయ్య కళ్లకు పొరలు కమ్మి రెండేళ్లయ్యింది. గోడ మీద ఇరవై రెండేళ్ల వయసప్పటి కొడుకు, గాల్లో అడ్డంగా తేలుతూ బంతిని తన్నుతున్న ఫొటో ఉంది. రోజూ పొద్దున దాన్ని చీర చెంగుతో తుడుస్తూ మాట్లాడుతుంది. కొడుకు పక్క గదిలో ఉన్నా ఫొటోతోనే మాట్లాడుతుంది.

"ఇవాళ బాగా నడుస్తున్నావు నాన్నా" అంటోంది ఫొటోతో. "పొద్దున్నే విన్నాను. రెండు కాళ్లూ ఒకేలా పడ్డాయి."

"అమ్మా, నేనిక్కడున్నాను. నాతో చెప్పు" అని అరిచాడు ఆయన.

"నీతో కాదు, నువ్వుండు" అంది అత్తయ్య.

పావు తక్కువ పదకొండుకు వీధిలో స్కూటర్ ఆగింది. అన్నయ్య, అతని వెనక బెంచీ అనే ఆటగాడు.

బెంచీని పుట్టినప్పుడు పెట్టిన పేరుతో ఆ ఊళ్లో ఎవరూ పిలవరు. ఆరేళ్లుగా పిడుగు స్థానంలో ఆడటానికి సిద్ధంగా ఉండటమే అతని ఉద్యోగం. పిడుగు అంటే ఆమె భర్త. గ్యాలరీ పెట్టిన పేరు అది. పిడుగు ఆడినంత కాలం బెంచీ మైదానం పక్కన బల్ల మీద కూర్చోవాలి. చేరినప్పుడు ఇరవై మూడేళ్లు. ఇప్పుడు కణతల దగ్గర రెండు తెల్ల వెంట్రుకలొచ్చాయి.

అన్నయ్య చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు. బెంచీ గుమ్మం బయటే ఆగాడు. ఆమె మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"వదినా, అన్నకి బాగాలేదట కదా?"

"ఊఁ."

"అంటే నిజంగా నేను ఆడాలా?"

"ఎందుకు, ఇష్టం లేదా?"

"ఆరేళ్లుగా ఇష్టమే వదినా." గ్లాసును గుండ్రంగా తిప్పాడు. "రోజూ దండం పెట్టుకునేవాణ్ణి. అన్న కాలు బాగవ్వాలని. నాకు ఒక్క ఛాన్సు రావాలని. రెండూ ఒకే దండంలో ఎలా అడగాలో తెలిసేది కాదు. అందుకని రెండుసార్లు పెట్టుకునేవాణ్ణి."

ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చినట్టయ్యింది.

"మొన్న చూశాను. అన్నయ్య నిన్ను అక్కడ నిలబడమంటుంటే నువ్వు రెండడుగులు పక్కకి జరిగి నిలబడ్డావు. ఎందుకు?"

"అది అన్న చోటు కదా."

"ఇవాళ అక్కడ ఎవరూ ఉండరు. నువ్వే నిలబడాలి."

"అలాగే వదినా" అన్నాడు. గ్లాసు ఇవ్వడానికి ముందుకొచ్చాడు. గుమ్మం ముందు పిడుగు బూట్లు విప్పి ఉన్నాయి. వాటికి తగలకుండా, చూడకుండానే, పక్కకి జరిగి వచ్చాడు.

లోపల అన్నయ్య కూర్చోలేదు. హాలు మధ్యలో నిలబడి గోడ గడియారం చూస్తున్నాడు.

"ఇన్నాళ్లూ బాగుందన్నప్పుడు ఒక్కసారీ రాలేదు. బాగాలేదంటే వచ్చావేం?" అంది ఆమె.

"బాగుందన్నప్పుడు వస్తే వాపు నా కంట పడుతుంది కాబట్టి రాలేదు" అన్నాడు అన్నయ్య. దాచుకోకుండా చెప్పేశాడు. "నాకూ బావ కావాలి కదమ్మా. నువ్వు బాగుందంటే నమ్మాననిపించుకుని బతికాను. ఇవాళ ఆయన్ని తీసేస్తే రేపు ఊరంతా నా గుమ్మం ముందుంటుంది. అందుకే నా కళ్లతో చూద్దామని వచ్చాను. నీ మీద అనుమానం కాదు."

ఇప్పుడు ఆయన వంటింట్లోంచి రావాలి. వచ్చి తిన్నగా నడిస్తే చాలు. ఆమె మాట అబద్ధమని తేలిపోతుంది, ఆయన ఆడతాడు. మూడేళ్ల అబద్ధాలూ వరసగా బయటికొస్తాయి.

"బావా, ఒకసారి ఇటు రా" అని పిలిచాడు అన్నయ్య.

వంటింటి తలుపు దగ్గర ఆయన కనిపించాడు. ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. భార్య ముఖంలోకి చూశాడు. అలా సూటిగా చూసి ఎంతకాలమైందో.

తర్వాత నడిచాడు. ఎడమ కాలు నేల మీద ఆనీ ఆనకుండా వేసి, నడుము కుడివైపుకి వంచి, కుర్చీ వీపు పట్టుకుని ఆగి, మళ్లీ నడిచాడు. మూడేళ్లు ఊరికి కనబడకుండా దాచిన కుంటు అది. ఇప్పుడు దాన్నే అణువంత తప్పు లేకుండా బయటపెట్టాడు.

"చూశావుగా బావా" అన్నాడు సోఫా మీద వాలిపోతూ. "మీ చెల్లెలు చెప్పింది నిజమే."

అన్నయ్య నుదురు తుడుచుకున్నాడు. ఆ నిమిషానికి అందరూ ఊపిరి తీసుకోవచ్చు.

"ఒరేయ్" అంది గోడ దగ్గర్నుంచి అత్తయ్య. "పొద్దున బానే నడిచావు కదరా? ఇప్పుడీ కుంటుడేంటి?"

ఆయన ఎడమ మోకాలిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"నిద్రమత్తులో విని ఉంటావమ్మా" అన్నాడు ఆయన.

"నా కళ్లు పోయాయి కానీ చెవులు పోలేదు."

అన్నయ్య అత్తయ్యను చూశాడు. బావను చూశాడు. చెల్లెల్ని మాత్రం చూడలేదు. తాళంచెవి జేబులోంచి తీసి, "వస్తాను అత్తయ్యగారూ" అన్నాడు. స్కూటర్ స్టార్ట్ చేసి, ఆమె గేటు దాకా వచ్చాక, ఇంజను మోతలో అన్నాడు.

"బావని గ్రౌండుకి మాత్రం రానీకు."

ఎందుకని ఆమె అడిగేలోపే బెంచీని వెనక ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

కానీ రెండింటికి ఆయన చొక్కా మార్చుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎక్కడికి?"

"ఆట చూడ్డానికి. ఊళ్లో అందరికీ ఉన్న హక్కే నాకూ ఉంది."

"అన్నయ్య వద్దన్నాడు."

"మీ అన్నయ్య ఆడొద్దన్నాడు. ఆడట్లేదు. చూడొద్దని ఎవరంటారు? ఇరవై ఏళ్లు ఆ గడ్డి మీద తిరిగాను. ఇంట్లో కూర్చుని రేడియోలో వింటూ అమ్మతో పాటు నేనూ ఆ ఫొటోతో మాట్లాడుకోనా?"

ఆమె చెప్పులు వేసుకుని తనూ బయల్దేరింది.

"కుంటాలి" అంది వీధి మలుపులో.

"తెలుసు" అన్నాడు ఆయన. కుంటాడు.

గ్యాలరీలో జనం దారిచ్చారు. ఎవరో భుజం తట్టారు. ముసలాయన ఒకడు ఆయన చెయ్యి పట్టుకుని, "నువ్వు లేకుండా ఎలా నాయనా" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆయన ఏడో వరసలో కూర్చుని చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు, అవి ఏదైనా చేసేస్తాయని భయపడ్డట్టు.

మైకులో జట్టు పేర్లు చదివారు. పిడుగు పేరు రావాల్సిన చోట బెంచీ పేరొచ్చింది. ఎవరూ కేక వెయ్యలేదు. పై వరసలోంచి ఒకడు, "బెంచీ ఆడితే బెంచీ మీద ఎవడు కూర్చుంటాడ్రా?" అన్నాడు. పదిమంది నవ్వారు.

ఆట మొదలైంది.

నాలుగో నిమిషంలో కెప్టెన్ బంతిని ఎడమ మూలకు పంపాడు. బెంచీ ఆ మట్టికి రెండడుగుల ఇవతల నిలబడి ఉన్నాడు. బంతి అతని పక్కనుంచి, ఎవరూ లేని చోటు మీదుగా, గీత దాటిపోయింది. కెప్టెన్ చెయ్యెత్తాడు.

తొమ్మిదో నిమిషంలో మళ్లీ అదే. పదిహేనులో మళ్లీ. ప్రతిసారీ ఆమె పక్కన ఆయన ఒళ్లు ముందుకు ఊగింది, బంతి తన కాలికి తగిలినట్టు.

"చూశారా?" అని ఆమె అనలేదు. అనాల్సిన పని లేదు. ఆయన చూస్తున్నాడు. ఇరవై ఏళ్లలో మొదటిసారి పై నుంచి చూస్తున్నాడు.

ఇరవై రెండో నిమిషంలో అవతలి వాళ్లు గోలు కొట్టారు.

గ్యాలరీ మూగబోయింది. ఆ నిశ్శబ్దంలోంచి ఎక్కడో ఒక గొంతు లేచింది. "పిడుగు!" ఇంకో గొంతు అందుకుంది. కాసేపటికి రెండు వైపులా అదే మాట. ఇంతలో ఎవరో ఏడో వరస వైపు వేలు చూపించారు. 'అదిగో, ఇక్కడే ఉన్నాడు' అన్న మాట వరస నుంచి వరసకు పాకింది. జనం ఒక్కొక్కరే మైదానానికి వీపు తిప్పి ఆయన వైపు తిరిగారు.

కింద ఆటగాళ్లు కూడా తలెత్తారు. బంతిని చేతుల్తో లోపలికి విసరాల్సిన కెప్టెన్, బంతి నెత్తి మీద పెట్టుకుని, ఏడో వరసలో ఉన్న మనిషిని చూస్తూ నిలబడిపోయాడు. రెఫరీ ఈల వేసి అదిలించాల్సి వచ్చింది.

"నన్ను చూస్తున్నారు" అన్నాడు ఆయన గొంతు తగ్గించి.

"చూడనివ్వండి. తల దించుకోండి."

"కాదు. నువ్వు చెప్పింది కొంచెమే. నేను అక్కడ లేకపోయినా ఉన్నట్టే. ఇక్కడున్నంత సేపూ అక్కడున్నట్టే." తొడల కింద నుంచి చేతులు తీశాడు. "నేను కనపడకూడదు."

"ఎక్కడికి లేస్తున్నారు?"

"బయటికి. నువ్వుండు. ఏమైందో చూసి నాకు చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఈసారి."

ఆమె చొక్కా పట్టుకోబోయింది. అందలేదు. ఆయన మెట్లు దిగుతున్నాడు. రెండేసి మెట్లు ఒక్క అంగలో, కుర్రాడిలా, ఎడమ కాలు ముందు పెట్టి దిగుతున్నాడు.

కుంటడం మరిచిపోయాడు.

జనానికి అదేం పట్టలేదు. వాళ్లకు ఒక్కటే కనబడింది: పిడుగు కిందికి దిగుతున్నాడు. అంటే ఆడటానికే దిగుతున్నాడు! గ్యాలరీ పైకప్పు లేచిపోయేలా అరిచింది. చొక్కాలు గాల్లోకి లేచాయి. ఆయన చివరి మెట్టు దిగి, ఎడమవైపు ఆటగాళ్ల గదికి వెళ్లే దారి ముందు ఒక్క క్షణం ఆగాడు. ఇరవై ఏళ్లు నడిచిన దారి అది.

కుడివైపు తిరిగాడు. వీధిలోకి వెళ్లే గేటు అటుంది.

అరుపు సగంలో తెగింది. నాలుగు వేల మంది నోళ్లు తెరుచుకుని, నిటారుగా నడిచి వెళ్లిపోతున్న ఒక వీపును చూస్తూ ఉండిపోయారు.

గీత పక్కన నిలబడ్డ అన్నయ్య కూడా చూశాడు. వీపును కాదు, ఆయన మోకాలిని చూశాడు. ఒక అడుగు, రెండో అడుగు, మూడో అడుగు చూశాడు. రెండు కాళ్లూ ఒకేలా పడుతున్నాయి. అప్పుడు నెమ్మదిగా తలెత్తి ఏడో వరసలో చెల్లెల్ని వెతికాడు. వెతికి పట్టుకున్నాడు. అది కోపమైతే ఆమె తట్టుకునేది. దారిలో ఎదురైన పరాయి మనిషిని చూసినట్టు చూశాడు అన్నయ్య. జట్టు ఒక గోలు వెనకబడి ఉంది. బాగున్న మనిషి గేటు దాటిపోతున్నాడు. ఆ మనిషిని ఆపి వెనక్కి పిలవడానికి అన్నయ్యకు ఇంకా టైముంది. అతని చెయ్యి సగం పైకి లేచింది కూడా.

ఆ చెయ్యి ఏం చేసిందనేది, అన్నాచెల్లెళ్లు మళ్లీ ఎప్పుడు మాట్లాడుకున్నారనేది, తప్పెవరిదని ఊరు తేల్చిందనేది ముందు ముందు చాలా మాటలకు దారి తీస్తుంది. ఆ మాటల్లో మీరు ఆమె పక్షం వహించవచ్చు, ఆయన పక్షం వహించవచ్చు, కోచ్ మీద జాలిపడవచ్చు. మీ ఇష్టం. కానీ ఒక మనిషిని మాత్రం మరిచిపోకండి. ఊరూ, కోచూ, కెప్టెనూ, అవతలి జట్టు కాపలా మనుషులిద్దరూ గేటు వైపు తిరిగిపోయిన ఆ నిమిషంలో ఆట ఆగలేదు, రెఫరీ ఈల వెయ్యలేదు. ఆరేళ్లు ఒకే బల్ల మీద కూర్చుని రెండు దండాలు పెట్టుకున్న బెంచీ, వెళ్లిపోతున్న పిడుగును చూడకుండా, రెండడుగులు అటు వేసి ఆ మట్టి మీద నిలబడ్డాడు. ఆ మైదానం మొత్తంలో బంతి ఎక్కడుందో చూస్తున్నవాడు అతనొక్కడే. దయచేసి అతన్ని గుర్తుపెట్టుకోండి.